ముందు పది ఎవరిది?

బంతి వచ్చి వేడ్ చేతుల్లో పడుతుంది.

ఛీ! ఎవడు ఇమ్మన్నాడు?

స్కోరు ఎనిమిది... ఎనిమిది.

బాస్కెట్ కింద అడ్డం ఎవరూ లేరు. కళ్లు మూసుకుని వేసినా పడుతుంది.

పడితే పది!

పడితే అమ్మని చంపేస్తారు!

మూడో వరసలో అమ్మ. ఒళ్లో పూలగుత్తి. ఆట మొదలయ్యే ముందు వేడే కోర్టు మధ్యలో ఆమె చేతికి ఇచ్చాడు.

ఆమె పక్క సీట్లో పందేల రడ్నిక్. కుడి చెయ్యి కోటు జేబులో.

ఆ జేబులో ఏముందో మధ్యాహ్నమే పార్కింగ్‌లో చూపించాడు.

"ముందు పది పాయింట్లు అవతలి టీమే కొడుతుందన్నావు. నీ మాట మీద కడుతున్నా. తేడా వస్తే నిన్నేం చెయ్యను వేడ్. మీ అమ్మ పక్క సీటు కొన్నా!"

ఆట ఎవరు గెలిస్తే రడ్నిక్‌కేం? ముందు పది ఎవరిది... పందెమంతా దాని మీదే.

వేడ్ అతనికి చెప్పింది ఒక్క ముక్క. ఇవాళ సీనియర్ నైట్. ఆఖరి ఏడాది వాళ్లకి సొంత హాల్లో ఆఖరి ఆట. ఏడాదంతా బెంచ్ అరగదీసినవాళ్లయినా సరే, ముందు వాళ్లే దిగాలి. టీమ్‌లో మొనగాడు ట్రెంట్ ఇంకా జూనియర్, ముందు దిగడు. ట్రెంట్ లేకపోతే ఈ టీమ్‌కి పది ఎక్కడ పడతాయి?

డబ్బుకి ఆశపడి చెప్పలేదు. కడుపుమంటతో చెప్పాడు!

మూడేళ్లు ఒళ్లు హూనం చేసుకుని సంపాదించుకున్న చోటు. నిన్నగాక మొన్నొచ్చిన ట్రెంట్ లాగేసుకున్నాడు. గోడ మీద పోస్టర్ వాడిది. జనం కేకలు వాడికి. ఆఖరికి తను ప్రేమించిన మారెన్ కూడా వాడి జాకెట్టే వేసుకుని తిరుగుతోంది! ఈ టీమ్ మునిగితే నాకేం అనుకున్నాడు.

"వెయ్యరా వేడ్!" కోచ్ గొంతు చించుకుంటున్నాడు.

వెయ్యడు.

బంతిని నేలకి కొడుతూ నిలబడతాడు. అవతలివాడు దూసుకొస్తున్నాడు. రానీ... లాక్కోనీ... అమ్మ బతికితే చాలు.

అప్పుడు...

బెంచ్ మీంచి ట్రెంట్ లేస్తాడు!

జాకెట్ జిప్ కిందికి లాగుతున్నాడు. నవ్వుతున్నాడు.

హాలు దద్దరిల్లిపోతోంది. "ట్రెంట్! ట్రెంట్! ట్రెంట్!"

అమ్మ కూడా చప్పట్లు కొడుతోంది... వాడికి!

వేడ్ ఒళ్లు భగ్గుమంటుంది.

ఈ ఒక్క రాత్రి నాది కదరా! ఇదీ నీకే కావాలా? ఆ పదీ నీ పేరు మీదే పడాలా?

చచ్చినా పడనివ్వను!

ఎగురుతాడు.

వేస్తాడు.

పది!

మరుక్షణం మూడో వరస వైపు తిరుగుతాడు.

అమ్మ!

మూడో వరసలో రెండు సీట్లూ ఖాళీ. పూలగుత్తి కింద పడి ఉంది.

పరుగు! విజిల్... కోచ్ తిట్లు... ఏదీ చెవికెక్కదు. వెనక తలుపు తోసుకుని మంచులోకి పడతాడు.

రడ్నిక్ కారుకి ఆనుకుని సిగరెట్ వెలిగిస్తున్నాడు.

"అమ్మేది? ఏం చేశావ్ అమ్మని?"

"అరవకు. కొడుకు బాస్కెట్ వేశాడని ఒకటే ఏడుపు. మొహం కడుక్కోడానికి వెళ్లింది." పొగ వదులుతాడు. "థాంక్స్ రా. పంట పండించావు!"

"నువ్వు... అవతలి టీమ్ మీద కదా కట్టింది?"

"సీనియర్ నైట్ సంగతి ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. దాని మీద కడితే చిల్లర రాలుతుంది. మీ టీమ్ మీద కడితే ఒకటికి ఆరు. ఆట ముందు ఒకడొచ్చాడు. పార్కింగ్‌లో మన మాటలు విన్నాడట. తల్లి పక్కన తుపాకీ ఉన్నా వేడ్ వేస్తాడు, వేయించే పూచీ నాదీ అన్నాడు. పందెం మార్చేశా. సీటు మార్చుకునే తీరిక దొరకలేదు."

"ఎవడు?"

రడ్నిక్ తలతో హాలు వైపు చూపిస్తాడు.

వేడ్ కాళ్లీడ్చుకుంటూ లోపలికి వస్తాడు.

అమ్మ సీట్లోకి వచ్చేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొడుకుని చూసి పూలగుత్తి ఊపుతోంది. ఆమె వైపు తలెత్తలేకపోతాడు.

ట్రెంట్ బెంచ్ మీదే ఉన్నాడు. జిప్ మెడ దాకా లాగేసి ఉంది.

"నువ్వు... దిగలేదా?"

ట్రెంట్ కాస్త జరిగి పక్కన చోటిస్తాడు.

"కోచ్ నన్ను పిలవనే లేదన్నా... ఊరికే లేచా!"