అందరికీ ఒక్కటే చీటి

స్క్రీన్ మీద ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ వచ్చింది. ఎనిమిదీ ‘కె’లే. మళ్లీ నొక్కితే ఎనిమిదీ ‘టి’లే.

నస్పూర్ కంప్యూటర్ సెంటర్‌లో బ్యాచ్ అంతా గొల్లున నవ్వింది.

“గీ ప్రోగ్రాం ఎవలు రాసిండ్రు?” అన్నాడు కొండల్ సార్.

ఎవరూ ఊహించలేని పాస్‌వర్డ్‌లు తయారు చేయాలి. ప్రేమ్‌చంద్, క్యాథరిన్ ఇద్దరికి కలిపి ఇచ్చిన ప్రాజెక్టు అది. “ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట” అని క్యాథరిన్ దగ్గర గొప్పలు పోయి అంతా రాసింది ప్రేమ్‌చందే. తీరా అంతమంది నవ్వేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“క్యాథరిన్ రాసింది సార్.”

క్యాథరిన్ అతని వైపు చూసింది. కాదనలేదు.

“రాసినోళ్లే దిద్దాలె. రేపు చూపియ్యి బిడ్డా” అన్నాడు సార్.

క్లాసు అయిపోయింది, వాన మొదలైంది. ప్రేమ్‌చంద్ మెట్ల కింద నిలబడిపోయాడు. ఇద్దరిదీ ఒకే చర్చి, ఒకే పాటల బృందం. రెండేళ్లుగా ఆమెకు చెప్పాలనుకున్న మాట ఒకటుంది. దాన్ని చెప్పాల్సిన నోటితోనే ఈ అబద్ధం ఆడాడు. ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడు, బైబిలు వాక్యంలోనే ఉంది. మరి క్యాథరిన్? ఆ సంగతి ఎక్కడా రాసినట్టు లేదు.

రెండు చాయ్‌లు పట్టుకుని పైకెక్కాడు. క్యాథరిన్ ఇంకా కంప్యూటర్ ముందే ఉంది.

“చాయ్ ఎవలు పెట్టిండ్రు? గది గూడ నేనేనా?” అంది ఆమె, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

“తప్పయింది.”

“జర కూసో. కొత్త సంవత్సరం ఆరాధనల బైబిలు మాట రాసిన వాగ్దానం చీట్లు తీస్తం గదా. ఎవల చీటి వాళ్లు బుట్టల చెయ్యి పెట్టి తీస్కుంటరు. పాస్టర్ అయ్యగారు ఒక్క చీటి తీసి గదే అందరికి చదివితే?”

“అందరికి ఒక్కటే వాగ్దానం.”

“నువ్వు జేసింది గదే. అక్షరం ఏరే లైను, మల్ల మల్ల తిరిగే లూప్ బయట పెట్టినవ్. ఒక్కసారి ఏరి, దాన్నే ఎనిమిదిసార్లు అతికిస్తది.”

అతను ఆ లైను లోపలికి జరిపాడు. కంగారులో పాస్‌వర్డ్‌ను ఖాళీ చేసే లైను కూడా దాంతో పాటే లోపలికి పోయింది. ఈసారి ఒక్క అక్షరమే మిగిలింది.

“ఇప్పుడు తీసిన చీటి తీసినట్టే పారేస్తున్నవ్” అని నవ్వింది. ఆ లైను బయటికి తెచ్చింది. ఎనిమిది అక్షరాలూ వేటికవే వచ్చాయి.

“సార్‌కు నిజం ఎందుకు చెప్పలే?” అన్నాడు మెల్లగా.

“నువ్వు చెప్తవేమోనని చూసిన.”

అతను చాయ్ గ్లాసులు తీసుకుని మెట్లు దిగాడు.

మర్నాడు సార్ అడగకముందే లేచాడు. “సార్, నిన్న అబద్ధం ఆడిన. చెడగొట్టింది నేను. దిద్దింది క్యాథరిన్.”

నిన్నటికంటే పెద్దగా నవ్వారు. అతని చెవులు కాలిపోయాయి. క్యాథరిన్ మాత్రం నవ్వలేదు. తన పక్క కుర్చీ మీది బ్యాగు తీసి కింద పెట్టింది.

సాయంత్రం మళ్లీ అదే మెట్లు, అదే వాన.

“ఆదివారం ఆరాధన అయినంక మా ఇంటికి రా. మా బాపుకు గా దినం డ్యూటీ లేదు” అంది క్యాథరిన్.

“ఎందుకు?”

“పాటల పుస్తకం తలకిందులు పట్టుకొని నా దిక్కు చూస్తుంటవ్ గదా. గది ఎందుకో ఆయనకు చెప్పు.”

“ముందు నీకు చెప్పాలె గదా.”

“చెప్పు మరి.”

చెప్పాడు. వాన చప్పుడుకి రెండోసారి కూడా చెప్పించుకుంది. తర్వాత దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ తల ఊపింది.

“మీ బాపు, ముందు ఎవలు ఇష్టపడ్డరని అడిగితే?”

“గప్పుడు మాత్రం నా పేరు చెప్పకు” అంది క్యాథరిన్.