గీకేసిన బొమ్మ

కత్తి తీశాడు ఆల్డెన్. కెజియా చూస్తుండగానే దాన్ని ఆమె మెడ దగ్గర ఆనించి, కిందికి ఒక్క లాగు లాగాడు. తల, భుజాలు, నీలం గౌను అన్నీ రంగు ముద్దలై కత్తి అంచుకు చుట్టుకున్నాయి. కాన్వాసు మీద ఆమె ఉన్నచోట తడి ఇసుకే మిగిలింది.

"అయ్యో, హత్య!" అంది కెజియా వెనకనుంచి.

చిత్రకారుడు ఉలిక్కిపడ్డాడు. కత్తి జారిపోయింది.

అతను బోస్టన్ నుంచి ఈ కేప్ ఆన్ తీరానికి వచ్చింది జూన్‌లో. మొదటిరోజే గొడవ. తుఫాను ఒడ్డుకు తోసిన నాచును పొలానికి ఎరువుగా తోలుకెళ్ళాలని వచ్చిన కెజియా, సరిగ్గా అతనికీ సముద్రానికీ మధ్య ఎద్దులబండి ఆపింది.

"కాస్త జరుపుతారా?" అన్నాడతను.

"ముందు కెరటాల్ని జరగమనండి" అంది.

మర్నాడు అతనే వచ్చి, నాచు ఎత్తే ఆమెను బొమ్మలో పెట్టుకుంటానని బతిమాలాడు. వేసవంతా నిలబడింది. చర్చిలో ఆడవాళ్ళు "పటమెక్కిన పిల్ల" అని ఏడిపించారు కూడా.

ఇప్పుడు సెప్టెంబరు. రేపు ఉదయం రైల్లో అతను వెళ్ళిపోతాడు. ఒక్క మాటైనా చెబుతాడేమోనని వస్తే, ఇదీ సంగతి.

"బోస్టన్ దొరల గోడకి నాచు ఎత్తే పిల్ల నప్పదన్నారా?"

"అది కాదు..."

"అయితే నా ముక్కు బాగాలేదా?"

"ముక్కు చాలా బాగుంటుంది."

"అంటే, ముక్కొక్కటేనా?"

బండి దగ్గర ఆమె తండ్రి ఓబెడ్ నాచు ఎత్తడం ఆపి, పంగలకర్ర మీద గడ్డం ఆనించాడు. "త్వరగా తేల్చండర్రా. సముద్రం పోటు మీదుంది."

ఆల్డెన్ గొంతు సవరించుకున్నాడు. "దీన్ని కొన్నాయన హాల్లో తగిలించుకుంటాడు. రోజూ కాఫీ తాగుతూ మిమ్మల్ని చూస్తాడు. నేనేమో ఎక్కడో..." వంగి, ఇసుకలో పడ్డ కత్తి తీసుకున్నాడు. "సముద్రాన్ని అమ్మగలను కెజియా గారూ. ఆకాశాన్నీ అమ్మగలను. మిమ్మల్ని అమ్మలేకపోయాను."

గాలికి టోపీ రిబ్బను ఆమె నోటికి అడ్డం పడింది. తీయలేదు. తీస్తే నవ్వు బయటపడుతుంది.

"ఆ మాట నాకు చెప్పాలిగానీ, కత్తికి చెప్పారేం?"

"భయమేసింది."

"మా నాన్నంటేనా?"

"మీరంటే."

ఓబెడ్ పకపకా నవ్వాడు. "సరైన మనిషికే భయపడ్డావు అబ్బాయ్! దాని తల్లికి నేను ఇప్పటికీ భయపడతాను. బొమ్మని రైలెక్కించు, నువ్వు ఉండు. రాత్రికి మా ఇంట్లో చేపల చారు."

ఆల్డెన్ ఆశగా కెజియా వైపు తిరిగాడు.

"అలా చూస్తారేం? నాన్న పిలిచింది భోజనానికే. తక్కిన మాట మీరే అడగాలి."

అతను ఇసుకలో మోకరించాడు. అడిగేలోపే కెరటం వచ్చి నడుందాకా ముంచేసింది. స్టూలు తేలిపోయింది, రంగుల పెట్టె తేలిపోయింది. ఓబెడ్ కేకలేస్తూ పరుగెత్తుకొచ్చి కాన్వాసును తలకెత్తుకున్నాడు. అంత గలాటాలోనూ ఆల్డెన్ లేవలేదు. అడగాల్సింది పూర్తిగా అడిగాడు.

తడిసిన గౌను బరువుగా ఈడ్చుకుంటూ కెజియా ఇంకో అడుగు అతని వైపే వేసింది.

"ఊఁ" అంది.