ఒంటిగంట భోజనం

ఆ హాల్లో చేతులు లేని బల్ల ఒక్కటే ఉంది. మిగతావన్నీ చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు. ఒళ్లున్నవాళ్లకి ఆ తేడా ఎంత పెద్దదో సన్నగా ఉన్నవాళ్లకి ఎప్పటికీ తెలియదు.

అది రెండువేల ఎనిమిది, వానాకాలం. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలంటే అప్పట్లో విశాఖపట్నం వెళ్లాలి. ఆపరేషన్‌కి ముందు తిండి అలవాట్లు మార్చుకోవడానికి మాత్రం కాకినాడలో ఒక చిన్న క్లినిక్ ఉండేది. దుర్గాశ్రీ తడిసిన గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చేసరికి ఆ బల్ల మధ్యలో ఒక భారీ మనిషి నిండుగా కూర్చుని ఉన్నాడు.

"కాస్త జరుగుతారా?"

అతను తలెత్తి ఆమెనీ, బల్లనీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరం పడతామంటారా అండీ?"

"మీరు ఊపిరి బిగబడితే పడతాం."

"బిగబట్టాననుకోండి, మళ్లీ ఎప్పుడు వదలమంటారు?"

"నన్ను లోపలికి పిలిచాక."

అతను నవ్వి జరిగాడు. ఆమె నవ్వలేదు. బయట వాన జోరందుకుంది. కాసేపటికి నర్సు "గణేష్‌బాబు గారూ" అని పిలిచింది. అతను చటుక్కున లేచాడు. బల్ల ఆమె వైపు ఒరిగిపోయింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్న దుర్గాశ్రీ అతన్ని కొరకొరా చూసింది.

"చెప్పి లేవాల్సిందండి. తప్పైపోయింది" అన్నాడతను, రెండు చేతులూ జోడించి.

పిఠాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేక గొడుగు అడ్డం పెట్టుకుంది.

దుర్గాశ్రీ పిఠాపురంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేది. క్లాసులో నిలబడి నిలబడి మోకాళ్లు వాచిపోతే తప్ప ఆపరేషన్ దాకా ఆలోచించలేదు. తండ్రి చంద్రరావు గారికి ఊరి చివర పొలం, ఇంట్లో ఈ ఒక్క కూతురు. గణేష్‌బాబుది ఉప్పాడ. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, సొంతంగా ఐస్ ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. నిద్రలో అతనికి ఊపిరి ఆగి ఆగి వస్తోందని తల్లి మహాలక్ష్మమ్మ భయపడి డాక్టరు దగ్గరికి పంపింది.

క్లినిక్‌లో తిండి సంగతులు చూసే రాణి గారు మెత్తగా మాట్లాడుతుంది కానీ ఒక్క ముద్ద కూడా వదిలిపెట్టదు. చిన్న ప్లేటు. ముందు పప్పో, గుడ్డో, చేపో, అన్నం ఆఖరున. ముద్ద నోట్లో గుజ్జయ్యేదాకా నమలాలి. తింటూ మంచినీళ్లు తాగకూడదు. కూల్‌డ్రింకుల మాటే ఎత్తకూడదు.

"పొట్టని డాక్టరు గారు చిన్నది చేస్తారు. అలవాటుని మీరే చిన్నది చేసుకోవాలి. అది చెయ్యకపోతే ఆపరేషన్ తేదీ రాదు" అందావిడ.

తరవాతి నెల బరువు చూస్తే ఇద్దరిదీ పెద్దగా తగ్గలేదు. కాలేజీ బెల్లు కొట్టేలోపు మింగేస్తున్నానని ఆమె చెప్పింది. నమలడం మొదలెట్టేసరికి ప్లేటు ఖాళీ అయిపోతోందని అతను చెప్పాడు. రాణి గారు ఇద్దర్నీ ఒకేసారి కూర్చోబెట్టింది.

"తినేటప్పుడు పక్కన ఒక మనిషుండాలి. మీ ఇళ్లల్లో అందరూ గబగబా తినేవాళ్లే. మీరిద్దరూ ఫోన్లో ఒకరికొకరు కాపలా ఉండండి."

అలా మొదలయ్యాయి ఒంటిగంట భోజనాలు. ఇప్పుడు తలుచుకుంటే చిత్రంగా ఉంటుంది. వీడియో కాల్స్ లేవు, ముఖాలు కనిపించవు. ఒకరి నోటికి ఇంకొకరి చెవే కాపలా. ఆమె స్టాఫ్‌రూమ్ మూలన టిఫిన్ బాక్సు తెరిచేది. అతను ఫ్యాక్టరీ ఆఫీసులో తలుపేసుకునేవాడు. వెనక ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు.

"ఏం కూరండి?"

"బీరకాయ. మీకో?"

"చందువ చేప. అమ్మ ఆవిరి మీద ఉడికించింది. నూనె లేదు, కారం లేదు. ఆ చేపే నన్ను చూసి జాలిపడుతోందండి."

ఆమెకి పొలమారింది.

"మింగేశారు కదూ?"

"లేదే!"

"అబద్ధం. నోట్లో ముద్దుంటే 'లేదే' అన్న మాట అంత శుభ్రంగా రాదండి."

"మీరు మాత్రం? ఇప్పుడు గ్లాసు చప్పుడైంది."

"ఆయ్... అది పక్క గదిలోదండి."

"పక్క గదిలో వాళ్లు మీ గొంతుతో త్రేన్చారా?"

నెమ్మదిగా తినడం నిజంగానే వచ్చింది. బీరకాయలో తీపి ఉంటుందని దుర్గాశ్రీకి ఇన్నేళ్లకి తెలిసింది. అన్నం ఇంకా మిగిలుండగానే కడుపు చాలనడం కూడా తెలిసింది. ఆ మాట అంతకు ముందూ కడుపు అనేదేమో, తనే వినలేదు.

ఒకరోజు తుఫాను గాలికి కరెంటు పోయి ఫ్యాక్టరీలో పని ఆగింది. ఆ నిశ్శబ్దంలో గణేష్‌బాబు అన్నాడు, "చిన్నప్పుడు మా నాన్న వేటకెళ్లి చేప తెస్తే అన్నం, లేకపోతే గంజి. నలుగురు పిల్లలం. కంచంలో పడ్డది పడ్డట్టు తినెయ్యాలి. ఇప్పుడు నాకు ఫ్యాక్టరీ ఉంది, లారీలున్నాయి. ఈ చేతికి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదండి."

 అప్పుడు ఆమె తన సంగతి చెప్పింది. "టెన్త్‌లో ఉండగా అమ్మ పోయింది. నేను ఏడిస్తే నాయనమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టేది. కొన్నాళ్లకి ఏడవడం మానేశాను. ముద్ద మానలేకపోయాను."

ఆ రోజు ఇద్దరి అన్నాలూ చల్లారిపోయాయి. ఎవరూ విచారించలేదు.

కార్తీకమాసంలో మేనత్త పాపాయి రామచంద్రపురం నుంచి ఒక సంబంధం తెచ్చింది. దుర్గాశ్రీ మర్నాడు నవ్వుతూనే ఆ సంగతి ఫోన్లో చెప్పింది. "ఆపరేషన్ అయి నేను సన్నబడ్డాక వచ్చి చూస్తారట."

అవతల ప్లేటు పక్కకి నెట్టిన చప్పుడైంది.

"అబ్బాయికి ఉద్యోగం ఉందాండి?"

"ఉంది."

"అయితే మంచి సంబంధమేనండి."

"మంచిదా?"

"మంచిదేనండి" అని పెట్టేశాడు.

మర్నాడు ఒంటిగంటకి ఫోన్ మోగలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాతా అంతే. స్టాఫ్‌రూమ్‌లో ఆమె మళ్లీ గబగబా తినడం మొదలుపెట్టింది. క్లినిక్‌కి వెళితే బరువు పెరిగింది. "గణేష్‌బాబు గారు కూడా రావడం లేదు, మీకేమైనా తెలుసా?" అని రాణి గారే అడిగింది.

నిద్రలో ఆగే ఊపిరి గుర్తొచ్చింది దుర్గాశ్రీకి. ఆదివారం పొద్దున్నే ఉప్పాడ బస్సెక్కింది.

సన్నగా జల్లు పడుతోంది. కెరటాలు కోసేసిన రోడ్డు పక్కన దిగి, దారి అడుగుతూ ఇల్లు చేరింది. గుమ్మంలో చేపలు శుభ్రం చేస్తున్న మహాలక్ష్మమ్మ తలెత్తి తేరిపార చూసింది.

"ఒంటిగంట అమ్మాయివి నువ్వేనా?"

దుర్గాశ్రీ సిగ్గుపడి తలూపింది.

"ఫోన్ మానేసినకాణ్ణుంచీ మళ్లీ పాత తిండేనమ్మా. ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు అంటన్నాడు. నువ్వన్నా చెప్పు."

మాటలు విని గణేష్‌బాబు బయటికి వచ్చాడు. ఆమెని చూసి కొయ్యబారిపోయాడు.

"లోపలికి రండి, తడిసిపోతున్నారు."

"తడవనివ్వండి. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు?"

"సంబంధం కుదిరిందాండి?"

"వద్దన్నాను."

"అదేంటండి!"

"మళ్లీ లావైతే ఏం చేస్తారో కనుక్కోమన్నాను. జవాబు రాలేదు. వాళ్ల సంగతి సరే, మీరేంటి? సన్నబడితే నేను వెళ్లిపోతానని మీరే తేల్చేశారు. నన్నొక మాట అడిగారా?"

అతను చూరు నుంచి కారుతున్న నీళ్ల వైపు చూస్తూ అన్నాడు, "భయమేసిందండి. ఇవాళ మీకు ఆ బల్ల తప్ప చోటు లేదు. రేపు ఏ కుర్చీలోనైనా కూర్చోగలరు. నా పక్కన ఎందుకు కూర్చుంటారు?"

"నాకు ఇష్టమై."

ఆ మాట నోరుజారి వచ్చినట్టు ఆమె ముఖం ఎర్రబడింది. అతని ముఖం వెలిగింది.

"మరోసారి చెప్పండి."

"చెప్పను. మీరు చెప్పండి."

"నాకూ ఇష్టమండి. ఆ బల్ల ఒరిగిన రోజు నుంచీ. మీరలా కోపంగా చూశారు చూడండి, అప్పటి నుంచీ."

లోపల మహాలక్ష్మమ్మ రెండు చిన్న ప్లేట్లు కడిగి తెచ్చింది. ఆ పూట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మొదటిసారి కలిసి తిన్నారు. ఒకరు నమలడం ఒకరు చూస్తుంటే ఇద్దరికీ మింగుడుపడలేదు.

చంద్రరావు గారు మాత్రం ఈ పెళ్లికి ఒప్పుకోలేదు. "మనవాళ్లల్లో ఎవరూ ఇలా చేసుకోలేదు. ముందు ఆపరేషన్ కానీ" అని, తర్వాత ఆ ఊసే ఎత్తనివ్వలేదు.

గణేష్‌బాబు ఆపరేషన్ ముందు జరిగింది. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలూ ఉత్త ద్రవాల మీదే ఉన్నాడు. చేపల పులుసు వాసనొస్తే గొడ్డలి పట్టుకుని ఐసు పగలగొట్టడానికి వెళ్లిపోయేవాడట. తరవాత దుర్గాశ్రీ వంతు వచ్చింది.

విశాఖపట్నం ఆసుపత్రి వరండాలో చంద్రరావు గారు పొద్దుటి నుంచీ కాఫీ కూడా ముట్టకుండా కూర్చున్నారు. బాగా వదులైన చొక్కాలో గణేష్‌బాబు వచ్చి, ఇడ్లీ పొట్లం విప్పి ఆయన ముందు పెట్టాడు.

"నాకొద్దు బాబూ."

"మీరు తింటేగానీ కదలనండి."

"మరి నువ్వు?"

అతను అరచేతిలో ఇమిడే స్టీలు గిన్నె చూపించాడు. అందులో పప్పుకట్టు. "నాకింతేనండి."

చంద్రరావు గారు ఇడ్లీ తుంపారు. అతను చెంచా నాకుతూ తింటుంటే తను గబగబా తినలేకపోయారు. నెమ్మదిగా తింటుంటే నెమ్మదిగానే మాట వచ్చింది. "వాళ్ళమ్మని ఇలాగే లోపలికి తీసుకెళ్లారు. నేను ఇలాగే కూర్చున్నాను. మళ్లీ బయటికి రాలేదు."

కూతురితో కూడా ఆయన ఏనాడూ అనని మాట అది. గణేష్‌బాబు ధైర్యం చెప్పలేదు. కుర్చీ కాస్త దగ్గరికి జరిపి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు బయటికొచ్చి "అంతా బాగా జరిగింది" అనేదాకా వదల్లేదు.

సాయంత్రానికి దుర్గాశ్రీ కళ్లు తెరిచింది. మంచానికి ఒక పక్క తండ్రి, ఒక పక్క అతను.

"ముహూర్తాలు ఎప్పుడు పెట్టించమంటావమ్మా?" అన్నారు చంద్రరావు గారు.

ఆమె ఇద్దర్నీ చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందు మంచినీళ్లు నాన్నా" అంది పీలగా.

నర్సు ఒక్క చెంచా ఇవ్వొచ్చంది. గణేష్‌బాబు చెంచా ఆమె పెదవులకి ఆనించి, "నెమ్మదిగా తాగండి" అన్నాడు.

"ఇంకా ఈ 'అండీ' ఏంటయ్యా?" అన్నారు చంద్రరావు గారు విసుక్కుంటూ.

గణేష్‌బాబు చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఒక్క మాట కోసం కాసేపు తడుముకున్నాడు.

"నెమ్మదిగా తాగు" అన్నాడు.