ఏడో గది కుర్చీ

ఆ మ్యూజియంలో ఏడో గదికి మంచి పేరు లేదు. పగలు జనం బాగానే తిరుగుతారు. పొద్దుగూకాక మాత్రం ఊడ్చే ఆయా కూడా గుమ్మం దగ్గరే నిలబడి చీపురు నాలుగుసార్లు ఆడించి "అయిపోయింది" అంటుంది. ఆ గదిలో ఓ ఊగుడు కుర్చీ ఉంది. రాత్రి రెండు దాటాక అది ఊగుతుందట. ఊగడానికే కదా చేశారు, ఊగనీ అనుకోవచ్చు... కానీ ఇద్దరు వాచ్‌మన్లు టార్చిలైట్లు అక్కడే పారేసి పరిగెత్తారు.

మూడోవాడు కునుకయ్య. అసలు పేరు అందరూ మర్చిపోయారు. అంతకుముందు మూడు చోట్ల కాపలా పని చేసి, మూడు చోట్లా నిద్రపోతూ దొరికాడు. ప్రస్తుతం మకాం అత్తగారింట్లో. ఈ ఉద్యోగం కూడా ఆవిడే ఎవరినో బతిమాలి ఇప్పించింది. "ఇదీ పోతే మా గుమ్మం ఎక్కకండి అల్లుడుగారూ," అంది మెత్తగా. ఆవిడ మెత్తగా మాట్లాడినప్పుడే భయపడాలి. దెయ్యాలంటే కునుకయ్యకి అంత బెదురు లేదు. ఎంత చెడ్డ దెయ్యమైనా అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చుని క్లాసు పీకదు కదా.

చిక్కల్లా రిబ్బనుతో వచ్చింది. ఎవరూ కూర్చోకుండా ఆ కుర్చీకి ఈ చేతి నుంచి ఆ చేతికి ఎర్ర రిబ్బను కట్టి ఉంచుతారు. కునుకయ్య చేరిన వారంలో రెండుసార్లు, తెల్లారేసరికి అది ఊడి ఉంది. ఊడి కింద పడితే సరే... చక్కగా మడత పెట్టి, కుర్చీ చేతి మీద ఉంది. పక్కనుండే లేబుల్ బోర్లా పడి ఉంది.

క్యూరేటర్ మేడం కళ్ళజోడు పైనుంచి చూసింది.

"కుర్చీ సుఖంగా ఉందా?"

"నేను కూర్చోలేదండీ."

"మరి దెయ్యం కూర్చుందా? ఈ రిబ్బను ఇంకొక్కసారి ఊడిందంటే... మీరు రానక్కర్లేదు."

ఆ రాత్రి కునుకయ్య ఏడో గది గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒంటిగంట... ఒంటిగంటన్నర... కళ్ళు వాలిపోతుంటే తొడ గిల్లుకున్నాడు. రెండయింది.

కిర్ర్...

టార్చి వేశాడు. రిబ్బను ముడి దానంతటదే విడిపోతోంది — తాపీగా, ఏ తొందరా లేకుండా. గాల్లోనే రెండు మడతలు పడింది... నాలుగు మడతలు పడింది... వెళ్ళి కుర్చీ చేతి మీద వాలింది. ఆ తర్వాత కుర్చీ వెనక్కి వంగింది. కాస్త బరువైన మనిషే.

కునుకయ్య పారిపోదామనుకున్నాడు. పారిపోతే చేరాల్సింది ఇంటికే అని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఎవరో గానీ... మీకు దణ్ణం పెడతాను... ఆ రిబ్బను కట్టెయ్యండి. నా ఉద్యోగం పోతుంది."

కుర్చీ ఆగింది.

"చదువొచ్చా అబ్బాయ్?" ముసలావిడ గొంతు, చెవి పక్కనే.

"వ... వచ్చండి."

"ఆ అట్ట మీద ఏముందో చదువు."

బోర్లా పడ్డ లేబుల్ తిప్పాడు. "న్యాయమూర్తిగారు తీర్పులు ఆలోచించిన కుర్చీ..."

"తీర్పులట! కునుకు తీసేవాడు! నోరు తెరుచుకుని మరీ!"

కునుకయ్య తల దించుకున్నాడు.

"నా తొలి కాన్పుకి మా నాన్న చేయించాడు దీన్ని. ఇందులో కూర్చునే పిల్లకి పాలిచ్చాను. దాన్ని చేసుకున్న మహానుభావుడు... నేనిలా వంటింట్లోకి వెళ్ళొచ్చేలోపు ఎక్కి కూర్చునేవాడు. అల్లుడు కదా అని బతికున్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. చచ్చాక కూడా ఊరుకోమంటావా?"

చివరి మాట దగ్గర ఆ గొంతు వణికింది. కునుకయ్యకి భయం పోయి జాలేసింది.

"కుర్చీ కింద చెక్క చూడమను మీ మేడాన్ని... అట్ట మారుస్తానంటే రిబ్బను కడతాను."

మాటిచ్చాడు. రిబ్బను మళ్ళీ ముడిపడింది.

పొద్దున్నే మేడం దగ్గరికెళ్ళాడు. "కుర్చీ తిరగేసి కింద చెక్క చూడాలండీ."

"ఎవరు చెప్పారు?"

"అత్తగారండీ."

మేడం వింతగా చూసింది గానీ కాదనలేకపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కుర్చీని తిరగేసినవాళ్ళు లేరు. అక్కడ వస్తువు కదపాలంటే ఓ ఫారం నింపాలి, రెండు సంతకాలు కావాలి, చేతులకి తొడుగులు వేసుకోవాలి. అంత బాధ ఎందుకని, కుర్చీ ఇచ్చిన జడ్జిగారి మనవడు ఉత్తరంలో ఏది రాస్తే అదే లేబుల్ మీదకి ఎక్కించారు. మేడం ఫారం నింపింది. ఇద్దరు పట్టుకుని కుర్చీని తిరగేశారు.

కింద చెక్క మీద వంకరటింకరగా చెక్కి ఉంది — "అమ్మాయికి, నాన్న." పక్కనే సంవత్సరం. మేడం వేళ్ళ మీద లెక్కేసింది. ఆ ఏటికి జడ్జిగారికి నాలుగేళ్ళు.

సాయంత్రానికి కొత్త లేబుల్ వచ్చింది: ఒక తండ్రి కూతురికి చేయించిన కుర్చీ. "ఇక మీ ఉద్యోగానికి ఢోకా లేదు, రిబ్బను జాగ్రత్త," అంది మేడం. ఇంట్లో అత్తగారు మొదటిసారి మారు వడ్డించి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. కునుకయ్యకి కళ్ళు చెమర్చాయి.

ఆ రాత్రి రెండు దాటింది. ఏడో గదిలో చప్పుడు లేదు. కుర్చీ కదల్లేదు, రిబ్బను ముడి గట్టిగా ఉంది. హమ్మయ్య అనుకుని కునుకయ్య వచ్చి తన బల్ల ముందు కూర్చున్నాడు. పాత అలవాటు... కళ్ళు మూతపడ్డాయి.

ఎవరో దగ్గారు.

కళ్ళు తెరిచాడు. ఎదురుగా నల్లకోటు, పెద్ద మీసాలు. ఆ కోటులోంచి వెనక గోడకున్న గడియారం కనిపిస్తోంది. ఒక చేతిలో తీసేసిన పాత లేబుల్. రెండో చేతిలో ఎర్ర రిబ్బను — ముడి విప్పడం చేతకాక తెంపినట్టుంది.

"అవతలివాడి వాదన వినకుండానే తీర్పిచ్చేశావేమయ్యా?" గుసగుసగా అన్నాడాయన. ఏడో గది వైపు ఓసారి భయంభయంగా చూసి, బల్ల మీదకి వంగాడు.

"నువ్వూ ఇల్లరికపు అల్లుడివేగా..."