పెద్దకర్మకు ఆర్పని దీపం

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఉస్మాన్ లాప్‌టాప్ రిపేరు షాపు. మధ్యాహ్నం నుంచీ ఒకటే ముసురు. గురజాల బస్సు దిగిన స్వాతి, జ్వరంతో సోలిపోతున్న కూతురు పింకీని చంకనేసుకుని వచ్చి, భర్త లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది.

"తమ్ముడూ, దీన్లో ఉన్నదంతా తుడిచెయ్యి. ఒక్క అక్షరం మిగలగూడదు."

ఆమె భర్త తరుణ్ ఆ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకునే గుండె ఆగి పోయాడు. పోయినచోట దీపం పెట్టారు. పెద్దకర్మ నాడు దాన్ని కొండెక్కనిచ్చారు. పక్కనే ఛార్జింగులో ఉన్న లాప్‌టాప్ చిన్న లైటును మాత్రం స్వాతి ఆర్పనివ్వలేదు. అదీ ఆయన దీపమే అనుకుంది, పిచ్చిది. దీపం ఉన్నంతకాలం పోయినవాళ్లు గడప దాటరని తెలిసీ ఆ పని చేసింది. అప్పట్నుంచే పిల్ల, ఆపేసిన లాప్‌టాప్‌కి చెవి ఆనించి ఊఁ కొట్టడం మొదలెట్టింది. తిండి మానేసింది. డాక్టర్లకు అంతుబట్టని జ్వరం పట్టుకుంది. "నాన్న రమ్మంటున్నాడు" అన్న రోజు స్వాతికి పైప్రాణాలు పైనే పోయాయి.

"విండోస్ తీయించి కొత్తది ఎక్కించా. అయినా ఆయన పోలా," అంది, జరిగిందంతా చెప్పి ఏడుస్తూ.

ఉస్మాన్ గొంతు తగ్గించాడు. "విండోస్ కింద ఫర్మ్‌వేర్ ఉంటదక్కా, మిషన్‌ని నిద్రలేపే ప్రోగ్రాము. ఈ రకం ప్రాసెసర్‌కి తోడు ఇంకో చిన్న ప్రాసెసర్ ఉంటది. మనం ఆఫ్ చేసినా అది మేలుకునే ఉంటది. దాని ప్రోగ్రాముకి కంపెనీ తాళం. లోపల ఏముందో ఎవురికీ చూపించరు."

"తీసెయ్!"

"తీసి ఓపెన్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తా. దాన్ని ఎవురైనా లైను లైనూ చదువుకోవచ్చు. నా లాప్‌టాప్‌లో అదే. దాక్కోడానికి సందే ఉండదు."

బ్యాటరీ ఊడదీశాడు. ఫర్మ్‌వేర్ ఉండే చిప్‌కి క్లిప్పు తగిలించి, వైరు తన లాప్‌టాప్‌కి కలిపాడు. అంతలో కరెంటు పోయింది. తడిసిన దుమ్ము వాసన... దాంట్లో కలిసి, అప్పుడే ఆరిన వత్తి వాసన.

పింకీ ఒళ్లు పెనంలా కాలుతోంది. స్వాతి కోటప్పకొండ స్వామికి మొక్కుకుంది. మొగుణ్ణీ బతిమాలింది. "నిన్ను పట్టి ఉంచింది నేనేనయ్యా. తప్పు నాది. పిల్లనొదిలెయ్..."

బ్యాటరీ మీద నడుస్తున్న ఉస్మాన్ లాప్‌టాప్ తెర మీద గీత మెల్లగా నిండింది.

"అయిపోయిందక్కా."

పింకీ కళ్లు తెరిచింది. ఒళ్లు చల్లబడింది. స్వాతి భోరుమంది.

"పాతది పోయినట్టేనా తమ్ముడూ?"

"చిప్పులోంచి పోయింది. కాపీ నా దాంట్లో ఉందిలే. కొత్తది ఎక్కించేముందు పాతది దాచుకోడం మా పద్ధతి. ఏదన్నా చెడితే మళ్లీ..."



పింకీ అమ్మ ఒళ్లోంచి జారి, ఉస్మాన్ లాప్‌టాప్‌ని మూసి, దానికి చెవి ఆనించింది. ఉస్మాన్ వైర్లు పీకాడు. బ్యాటరీ లాగేశాడు. పిల్ల చెవి తీయలేదు.

"ఊఁ... ఊఁ... సరే నాన్నా. అమ్మని కూడా తీసుకొస్తా."

వెనక్కి తిరిగి స్వాతి చెయ్యి పట్టుకుంది.

ఆ చిన్న చెయ్యి ఇంకా చల్లబడుతూనే ఉంది.