లైసెన్సు అడిగిన దెయ్యం

మార్టెన్ వాగు మీద, కాలిపోయిన రంపపు మిల్లు పక్కనున్న చెక్క వంతెన మంచిది కాదు. మా పెల్టన్ ఊళ్లో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు. పగలు వెళ్తే ఏమీ ఉండదు... నాచు పట్టిన దుంగలు, తుప్పు పట్టిన రంపం చక్రం, అంతే. పొద్దుగూకితే మాత్రం...

ఆ చెడ్డపేరు తాతలనాటిది కాదు. వార్డెన్ హాలిస్ ట్రాఫ్టన్ పోయాక వచ్చిన మొదటి వసంతంలో పుట్టింది.

వార్డెనంటే అడవిలో జంతువులకీ నీళ్లలో చేపలకీ కాపలా కాసే సర్కారు మనిషి. మంచు కరిగి వాగులు పొంగే రోజుల్లో చెరువులోంచి స్మెల్ట్ చేపలు... వేలెడంత, వెండి ముక్కల్లా ఉంటాయి... గుడ్లు పెట్టడానికి రాత్రిపూట వాగుల్లోకి ఎదురెక్కుతాయి. మిగతా వాగుల్లో మనిషికి ఇన్నని పట్టుకోవచ్చు. మార్టెన్ వాగులో ఒక్కటి పట్టకూడదు. అక్కడ కూడా పట్టేస్తే చెరువులో చేప అన్నదే మిగలదు. అది చట్టం. మా ఊళ్లో చట్టమంటే అందరికీ గౌరవమే. ఎంత గౌరవమంటే, వాడితే అరిగిపోతుందని అలాగే దాచి ఉంచుతారు.

పాపం హాలిస్ ఆ వాగు గట్టున ముప్పై ఏళ్లు తిరిగాడు. ఆరడుగుల మనిషి, గొంతు మాత్రం మీగడలా మెత్తన. "లైసెన్సు చూపిస్తారా?" అనేవాడు. "ఇందాకే మా పిల్లికి చూపించాం హాలిస్, దాన్నడుగు" అనేవాళ్లు. ట్రక్కు టైర్లలో గాలి తీసేవాళ్లు. ఒకసారైతే ఆయన టోపీ లాక్కుని, ఆ టోపీతోనే చేపలు తోడుకున్నారు.

ఆకులు రాలే కాలంలో గుండె ఆగి పోయాడు. ఊరంతా కదిలొచ్చింది. చర్చి పెద్ద మెర్టన్ లిబ్బీ అయితే, "మన చేపల్ని కన్నబిడ్డల్లా కాచాడు" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. మంచు కరగ్గానే పాత వల పారేసి ఇంకాస్త నోరు వెడల్పున్న వల కొన్నాడు.

ఆ వసంతంలోనే కనబడింది... వంతెన మీద దీపం.

హాలిస్ స్థానంలో వచ్చినవాడు డ్వేన్ మిషో. ఉత్తరాన నది లోయలో ఫ్రెంచి మాట్లాడే కుటుంబం. ధైర్యానికి లోటు లేదు, ఎలుగుబంటిని కర్రతో అదిలించిన మనిషి. అయితే చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ తోడేలుగా మారే మనుషుల కథలు, చచ్చి లేచొచ్చేవాళ్ల కథలు చెప్పి నిద్రపుచ్చేది. అందుకని ఎలుగులంటే భయం లేదుగానీ, చచ్చినవాళ్లంటే మాత్రం చచ్చేంత భయం. ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే డ్వేన్, కోరా డైయర్ నడిపే కాఫీ హోటల్లో కూర్చుని డోనట్ నములుతుంటే, మెర్టన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కోరా కాఫీ కూజా పట్టుకుని పక్కనే నిలబడింది.

"డ్వేన్, నీతో ఒక మాట. మార్టెన్ వంతెన మీద హాలిస్ తిరుగుతున్నాడు."

డ్వేన్ గొంతులో డోనట్ అడ్డం పడింది. "ఏ హాలిస్?"

"ఎంతమంది హాలిస్‌లున్నారయ్యా మనూళ్లో! పోయిన హాలిస్. ఆ పొడుగు కోటు, ఆ పాత లాంతరు. తల లేదు. కాళ్లూ లేవు. గాల్లో తేలుతున్నట్టు వస్తాడు... దగ్గరికొచ్చి..." మెర్టన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "లైసెన్సు అడుగుతాడు."

"నన్నూ అడిగాడు" అంది కోరా. "ఒళ్లు చల్లబడిపోయిందనుకో. బకెట్టు అక్కడే వదిలేసి పరుగో పరుగు."

"బకెట్టా?" అన్నాడు డ్వేన్. "రాత్రిపూట, వాగు దగ్గర, బకెట్టుతో ఏం పని?"

కోరా మెర్టన్ వైపు చూసింది. మెర్టన్ కాఫీలోకి చూశాడు.

"నడక" అన్నాడు చివరికి. "డాక్టరు నడవమన్నాడు."

"బకెట్టుతోనా?"

"రెండు చేతులకీ బరువుండాలన్నాడు. అదంతా ఎందుకు ఇప్పుడు? పన్ను కట్టే మనుషులం, మా ఊళ్లో మేం రాత్రిపూట నడవలేకపోతున్నాం. దెయ్యం సర్కారుది. తీసెయ్యాల్సింది నువ్వే!"

బతికుండగా టోపీ లాక్కున్నవాళ్లు, చచ్చాక అదే మనిషిని చూసి గజగజలాడుతున్నారు. డ్వేన్‌కి నవ్వొచ్చింది. ఆ వెంటనే, తను కూడా వెళ్లాల్సిందేనని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. వెళ్లకపోతే రేపటికల్లా ఊరంతా పాకుతుంది, కొత్త వార్డెన్ పిరికివాడని. పిరికివాడని తెలిశాక మా ఊరివాళ్లు టోపీతో ఆగరు.

ఆ రాత్రి ట్రక్కు దూరంగా ఆపి, లైటు వెయ్యకుండా నడిచాడు. అది వార్డెన్ల వృత్తిలో అలవాటు. దొంగకంటే ముందు చీకట్లో కలిసిపోవాలి.

చలి కోస్తోంది. ఫర్ చెట్ల కింద ఇంకా మురికి మంచు. వాగు ఒకటే హోరు... ఆ హోరు అడుగున ఇంకో చప్పుడు. సన్నగా, వేల వేళ్లు నీళ్లని గిల్లుతున్నట్టు. చేపలు ఎక్కుతున్నాయి.

వంతెన చివర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. హమ్మయ్య, ఇంక ఇంటికి పోదాం అనుకున్నాడు.

అప్పుడు అవతలి గట్టున పసుప్పచ్చటి వెలుగు... 

కదిలింది.

ఆగింది.

మళ్లీ కదిలింది.

కోటు. నిజంగానే తల లేదు... పైకి లేపిన కాలరు, దాని మీద టోపీ, మధ్యలో ఖాళీ. నిజంగానే కాళ్లు లేవు... కోటు అంచు చెక్కల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. వంతెన కిర్రుమంది. ఆ కోటు లోపల్నుంచి ఒక చప్పుడు... తప... తపతప... ఆగిపోయిన గుండె మళ్లీ కొట్టుకుంటున్నట్టు.

నడుముకున్న తుపాకీ డ్వేన్‌కి గుర్తే రాలేదు. నాయనమ్మ నేర్పిన ప్రార్థన మొదటి ముక్క వచ్చింది, రెండో ముక్క రాలేదు.

లాంతరు అతని మొహం ముందుకొచ్చి ఆగింది.

"లై...సె...న్సు..."

డ్వేన్ ఏం చేశాడో తెలుసా? జేబులోంచి పర్సు తీసి, తన చేపల లైసెన్సు లాగి, వినయంగా రెండు చేతులతో దెయ్యానికి చూపించాడు.

దెయ్యం వంగి చూసింది. చూసి... ఫక్కున నవ్వింది.

"ఓరి నాయనో! ముప్పై ఏళ్లకి ఒక్కడు చూపించాడు!"

ఆడగొంతు. కాలరు కిందకి దిగింది. టోపీ కింద ముడతలు పడ్డ చిన్న మొహం, ముక్కు చివర చలికి కారుతున్న బొట్టు.

"ఆర్లీనమ్మా!"

హాలిస్ భార్య ఆర్లీన్. మనిషి హాలిస్ భుజం కిందకి కూడా రాదు. ఆయన కోటు తొడిగితే కాలరు తల మీదుగా పోతుంది, అంచు నేల ఊడుస్తుంది. అంతే, తలా కాళ్లూ రెండూ మాయం.

డ్వేన్ వంతెన కమ్మీకి ఆనుకుని కూర్చున్నాడు. "ఇదేం పనమ్మా! మోకాళ్ల నొప్పులని ఆదివారం చర్చికే కర్ర పట్టుకుని వస్తారు కదా మీరు?"

"మోకాళ్ల నొప్పి చర్చి మెట్లెక్కడానికే బాబూ. వాళ్లు పరిగెడుతుంటే చూడ్డానికి కాదు." ఆవిడ పక్కనే కూర్చుంది. "బతికుండగా ఆయన్ని ఒక్కడు లెక్కచేశాడా? తడిసిన టోపీ పట్టుకుని ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర ఆరబెట్టుకుని, ఒక్కమాట మాట్లాడకుండా పడుకునేవాడు. జీతం తీసుకున్నన్నాళ్లు చేయలేని పని, చచ్చాక ఊరికే చేస్తున్నాడు. ఆ మెర్టన్ పరిగెట్టాడు చూశావూ... చర్చి పెద్ద... ఒక బూటు ఇక్కడే వదిలేశాడు. భలే సరదా అనిపించింది నాకు."

డ్వేన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆగాడు. ఆ చప్పుడు... తపతప... ఇంకా వినబడుతోంది.

"అమ్మా, కోటులో ఏముంది?"

ఆర్లీన్ కాలరు మళ్లీ పైకి లాక్కుంది.

"అమ్మా."

ఆవిడ మెల్లిగా కోటు గుండీ విప్పింది. ఒళ్లో బకెట్టు. మూతి దాకా నీళ్లు, ఆ నీళ్ల నిండా మెరుస్తూ, గింగిరాలు కొడుతూ... స్మెల్ట్ చేపలు. బకెట్టు మీద డైయర్స్ కాఫీ హోటల్ అని రాసుంది.

డ్వేన్ లాంతరు దగ్గరికి జరిపి ఆ పేరు ఇంకోసారి చదివాడు.

"ముప్పై ఏళ్లు" అంది ఆవిడ నీళ్లలోకి చూస్తూ. "ఏప్రిల్ వస్తే ఊరంతా ఈ చేపల వేపుడు వాసనే. ప్రతి ఇంట్లో, ప్రతి కిటికీలోంచి. చర్చి విందులో కూడా ఇవే. మా ఇంట్లో మాత్రం ఉడికిన బీన్సు. వేరే వాగుకెళ్లి న్యాయంగా నాలుగు పట్టుకురమ్మంటే, ఆ వాగుల్లో చేప ఎక్కే రాత్రులన్నీ ఈ వాగు గట్టునే ఉండేవాడు కదా. ఒక్క రాత్రి సెలవు పెట్టలేదు. ఈ ఊళ్లో స్మెల్ట్ రుచి తెలియని కొంప ఏదైనా ఉందంటే, వార్డెన్ కొంపే."

ఏళ్ల తరబడి దొంగచేప తిన్న ఊరంతా పెద్దమనుషులే. దొరికిపోయింది మాత్రం ఈవిడ.

"జరిమానా రాయాలమ్మా" అన్నాడు, నేల చూస్తూ.

"రాయి. తప్పు తప్పే. ఆయనైతే నాకూ రాసేవాడు, తెలుసా? అక్కడే నిలబెట్టి రాసేవాడు."

పెన్ను తీశాడు. చలికి సిరా గడ్డకట్టిందట. గడ్డకట్టిందనే అతను ఇప్పటికీ చెబుతాడు.

"నీళ్లలో వదిలెయ్యండి" అన్నాడు చివరికి. "బతికే ఉన్నాయి కదా."

ఆర్లీన్ లేచి, కమ్మీ మీద బకెట్టు వంచింది. లాంతరు వెలుగులో చేపలు చిల్లర గుమ్మరించినట్టు జారి వాగులో కలిసిపోయాయి. ఆవిడ చివరి చేప పోయేదాకా వంచే పట్టుకుంది.

"ఇంక రావద్దమ్మా. జారిపడితే ఎవరికీ తెలియదు కూడా."

"రాను. కానీ డ్వేన్, రేపు ఊళ్లో ఏం చెబుతావు?"

డ్వేన్ ఆలోచించాడు. "ఎవరెవరు వచ్చారో ముందు మీరు చెప్పండి" అన్నాడు.

మర్నాడు కాఫీ హోటల్లోకి అడుగుపెట్టేసరికి అందరూ తలలు తిప్పారు. డ్వేన్ మొహం పాలిపోయి ఉంది. నిద్ర లేకపోతే ఎవరి మొహమైనా పాలిపోతుంది, ఆ మాట అతను చెప్పలేదు.

"చూశావా?" అన్నాడు మెర్టన్ గుసగుసగా.

"చూశాను." గ్లాసుడు మంచినీళ్లు తాగాడు. "మాట్లాడాను కూడా. హాలిసే."

కోరా కూజా బల్ల మీద పెట్టేసింది. "ఏ... ఏమన్నాడు?"

"అందర్నీ పేరుపేరునా అడిగాడు. కోరా, నీ బకెట్టు భద్రంగా ఉందట. మెర్టన్, నీ కొత్త వల బాగుందట. పాతదానికంటే నోరు వెడల్పట కదా? నడకకి పనికొస్తుందా అని అడిగాడు. నీ ఎడమ బూటు ఎప్పుడైనా వచ్చి తీసుకోమన్నాడు, నువ్వే స్వయంగా."

మూలనున్న బల్ల దగ్గర ఎవరో లేచి, సగం తిన్న ప్లేటు వదిలేసి నిశ్శబ్దంగా బయటికి వెళ్లిపోయారు. మర్నాడు తెల్లారేసరికి డ్వేన్ ఆఫీసు గుమ్మం ముందు వలలు కుప్ప పడి ఉన్నాయి, ఎవరివో పేరులేకుండా. ఆ శనివారం చర్చి విందులో చరిత్రలో మొదటిసారి బీన్సు వడ్డించారు. మెర్టన్ ప్రార్థన మాత్రం మామూలుకంటే పొడుగ్గా చేశాడు.

డ్వేన్‌కి మనసులో ఇంకో బాకీ మిగిలిపోయింది. ఒక రాత్రి సెలవు పెట్టి, చెరువు అవతలి వాగులో, చట్టం ఒప్పుకున్నంత వరకే పట్టి, మర్నాడు సాయంత్రం ఆర్లీన్ ఇంటికి తీసుకెళ్లాడు.

ఆవిడ మొక్కజొన్న పిండిలో పొర్లించి, పంది కొవ్వులో కరకరలాడేలా వేయించింది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి చేప తోకతో సహా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలింది.

"ఎలా ఉందమ్మా?"

ఆర్లీన్ కళ్లు తెరిచింది. "ఇంతేనా?" అంది. "దీని కోసమా ఊరంతా పరువు తీసుకుంది!" అంటూనే రెండోది తీసుకుంది.

డ్వేన్ పగలబడి నవ్వుతుండగా జేబులో ఫోను మోగింది. మెర్టన్. రొప్పుతున్నాడు.

"డ్వేన్... వంతెన... వంతెన మీద..."

"మళ్లీ నడకకి వెళ్లావా?"

"చివరిసారి! ఒట్టు! డ్వేన్, దీపం... ఇప్పుడే... నా కళ్లెదురుగా... పొడుగ్గా ఉన్నాడు... ఈసారి తలుంది డ్వేన్... హాలిస్ తలే... మెత్తగా అడుగుతున్నాడు..."

లైను తెగిపోయింది.

డ్వేన్ ఫోను బల్ల మీద పెట్టి, ఆర్లీన్ వైపు చూశాడు. ఆవిడ చేతిలో ఫోర్కు ఉంది. తలుపు వెనక కొక్కేనికి కోటు వేలాడుతోంది, దాని పైన టోపీ, కింద ఆర్పేసిన లాంతరు. ఇద్దరూ వాటి వైపు చూశారు. తర్వాత ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

ఆర్లీన్ లేచి అలమరలోంచి ఇంకో ప్లేటు తీసింది. నాలుగు చేపలు దాంట్లో పెట్టి, చల్లారకుండా మూత వేసింది.

"ఏనాడూ భోజనం వేళకి ఇంటికి రాలేదు ఆ మనిషి" అంది.