మూడు విరుపుల కూత

రాయి సరిగ్గా ఐలేశం చెవి పక్క నుంచి దూసుకుపోయి బండకు తగిలింది. రెండోది కూడా వచ్చేదే. ఈలోగా అతను రెండు చేతులూ పైకెత్తాడు.

"ఆగు, ఆగు! నేను మనిషిని!"

గుట్ట కింద నిలబడ్డ అమ్మాయి చేతిలో వడిసెల ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె గొర్రెలు తలో దిక్కు పరుగెత్తుతున్నాయి.

"మనిషివైతె గట్లెందుకు మొత్తుకుంటున్నవ్? కడుపు నొస్తాందా?"

"తోడేలు లెక్క కూస్తున్న."

అమ్మాయి వడిసెల దించి అతన్ని ఎగాదిగా చూసింది. నడుముకు గోనెపీచుతో చేసిన తోక వేలాడుతోంది. అంతే, బండ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

"గిది తోడేలు కూతనా? నా గొర్లు నీ కూతకు బెదరలే, నీ తోకకు బెదిరినయి!"

ఐలేశానికి కోపం రావాల్సింది. ఆ నవ్వు చూస్తే రాలేదు.

అతను ఊళ్లోకి కొత్తగా వచ్చిన తెలుగు బడి పంతులు. పోలీస్ యాక్షన్ అయిపోయి, రజాకార్ల పీడ విరగడైన చలికాలం అది. హుజూర్‌నగర్‌కు బండి దూరంలో ఉన్న ఆ ఊరికి మొదటిసారి తెలుగు బడి వచ్చింది. కానీ పిల్లలే రావడం లేదు. అడిగితే "గొర్లెవరు కాస్తరు?" అంటున్నారు. అందుకే ఐలేశం పాటల డ్రామా వేద్దామనుకున్నాడు. చిన్నప్పుడు హాస్టల్లో పేజీలు ఊడిపోయేదాకా చదివిన పిల్లల పుస్తకంలోని కథ. పాటంటే పడిచచ్చే ఒక ఒంటరి తోడేలు, గొర్రెల మందతో కలిసి పాడాలని చూస్తుంది. ఎవరూ దాన్ని నమ్మరు. పొద్దుగూకాక ఆటకైతే వస్తామన్న ఊరి పిల్లలవి గొర్రెపిల్లల వేషాలు, తోడేలు వేషం ఐలేశానిదే. డ్రామా చూడటానికి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఊరు కదిలితే బడి ఉంటుంది, లేకపోతే మూతపడుతుంది. పంతులు బదిలీ మీద నారాయణపేటకు పోతాడు.

ఇదంతా విని అమ్మాయి అడిగింది. "ఎవలోళ్లు మీరు?"

"కురుమోళ్లమే. చిన్నప్పటి సంది పట్నంల సదువుకున్న."

"గొర్లు కాసే కురుమోళ్ల పిలగానివయ్యుండి తోడేలు కూత రాదా? మీ బాపు ఇంటె గొంగడి కప్పుకొని ఏడుస్తడు!"

ఆమె పేరు జానమ్మ. మందల గుర్వయ్య కూతురు. మర్నాటి నుంచి ఊరికి వినపడకుండా గుట్ట వెనక పాఠాలు మొదలయ్యాయి. పంతులు శిష్యుడు, జానమ్మ పంతులమ్మ.

"గొంతుల నుంచి గాదు, కడుపుల నుంచి తియ్యాలె. ముందుగాల పొడుగ్గ. ఎనుక మూడు తాపల ఇరగ్గొట్టాలె."

"తోడేలు గట్ల ఇరిచి కూస్తదా?"

జానమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. "మా గుట్ట మీది తోడేలు గట్లనే కూస్తది. నాకు మస్తిష్టం. ఊర్లె మాత్రం గొంతిప్పకు, గొర్లు బెదుర్తయి. డ్రామ దినమే ఇనిపియ్యి."

ఒకరోజు కాలం కాని కాలంలో వాన పడింది. జానమ్మ తన గొంగడి సగం అతని మీదికి విసిరింది. ఇద్దరి మధ్య ఒక గొర్రెపిల్ల కూడా దూరింది. ఐలేశం కుడి భుజం పూర్తిగా తడిసిపోతున్నా జరగలేదు.

"జర ఇటు జరుగు పంతులూ, తడుస్తున్నవ్."

"తడిస్తె తడవనియ్యి."

ఆమె నవ్వు ఆపుకోవడానికి గొర్రెపిల్ల చెవిలో ఏదో చెప్పినట్టు నటించింది. గొర్రెపిల్ల మీద అతనికి అసూయ కలిగింది.

డ్రామా రోజు రానే వచ్చింది. పొద్దుగూకకముందే బడి ముందు ఊరంతా చేరింది. చెక్క పలకలు పరిచి స్టేజీ కట్టారు, పరదా లాగారు. ముందు కుర్చీలో ఇన్‌స్పెక్టర్. మొదటి రెండు పాటలకే ఆయన కాలు తాళం వేయసాగింది. ముసలమ్మలు గడ్డం కింద చేతులు పెట్టుకుని వింటున్నారు. ఐలేశం గుండె పొంగింది.

తోడేలు స్టేజీ ఎక్కింది. కడుపులోంచి ఊపిరి తీసింది. పొడుగ్గా కూసింది. మూడుసార్లు విరిచింది.

ముసలమ్మల చేతులు గడ్డాల కింద నుంచి జారాయి.

"వచ్చిన్రు! లేవుండ్రి!" గుంపులో ఒకడు కేక పెట్టాడు.

జనం ఒక్కసారిగా లేచారు. మగవాళ్లు వడిసెలల కోసం ఇళ్లకు, అక్కడి నుంచి ఊరి మొదటికి పరుగు తీశారు. హార్మోనియం వాయించేవాడు హార్మోనియం నెత్తిన పెట్టుకుని ఉరికాడు. ఇన్‌స్పెక్టర్ ఎద్దుల బండి కింద దూరాడు. తల్లులు స్టేజీ వైపు వచ్చేసరికి పరదా కూలి దారి మూసుకుపోయింది.

"రజాకార్లు!" అని ఎవరో అరిచారు.

ఐలేశం కూడా ఉరకబోయాడు. కానీ వెనక గొర్రెపిల్లల వేషాల్లో పిల్లలు బిక్కచచ్చి ఏడుస్తున్నారు. వాళ్లందరినీ తన వెనక్కి నెట్టి, పరదా కట్టిన వాసం పీకి పట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి గుర్వయ్య వడిసెలతో తిరిగొచ్చాడు. ఊరి మొదట్లో పురుగు కూడా లేదు. స్టేజీ మీద తోకతో, వాసంతో నిలబడ్డ పంతుల్ని చూశాడు.

"నువ్వెందుకు ఉరకలే?"

"పిల్లలున్నరు గద."

గుర్వయ్య వడిసెల నడుముకు చుట్టుకున్నాడు. "కూసిందెవలు?"

"నేనే. జానమ్మ నేర్పింది."

"గది నా కూత, కొడుకా. రజాకార్లు వచ్చినప్పుడల్ల గుట్ట మీది నుంచి కూస్తుంటి. గది ఇంటె ఊరు లేస్తది."

ఇన్‌స్పెక్టర్ బండి కింద నుంచి గడ్డి దులుపుకుంటూ వచ్చాడు. "ఇది డ్రామానా? పొద్దున్నే నాతో బండెక్కండి. నారాయణపేట పోతున్నారు. బడి మూతే."

అందరూ వెళ్లాక జానమ్మ కూలిన పరదా పక్కన నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ డ్రామ నేనే చెడగొట్టిన."

"గా కూత ఎందుకు నేర్పినవ్?"

"గది ఇనవడితె అందరికి బుగులు. నాకు ధైర్యం. మా కోసం ఒగలు మేల్కొని ఉన్నరని. రోజులు మారినయి గద, ఊరు మర్చిపోయిందనుకున్న. నా దగ్గరున్న మంచిది గదొక్కటే పంతులూ. నీకియ్యాలనిపిచ్చింది."

డ్రామా పోయిన బాధ ఎటుపోయిందో తెలియలేదు. ఈ పిల్లను వదిలి పోవాలన్న బాధే మిగిలింది.

"ఇచ్చినవ్ గద. నేను యాడికి పోయినా నాతోనే ఉంటది" అన్నాడు. జానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

పొద్దున బండి కదిలింది. ముందు ఇన్‌స్పెక్టర్, వెనక రేకుపెట్టె మీద ఐలేశం. అతను గుట్ట వైపు చూశాడు. ఎవరూ లేరు. పోనీలే అనుకోబోయాడు కానీ మనసు ఒప్పుకోలేదు.

బండి గుట్ట మలుపు తిరిగింది. పైనుంచి కూత వినిపించింది. పొడుగ్గా. ఆ వెంటనే మూడు విరుపులు.

ఊరంతా వడిసెలలు తిప్పుకుంటూ ఉరికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ అలవాటైన చోటికే, బండి కిందికే దూరాడు.

"జానా! ఎవలొచ్చిన్రే?" గుర్వయ్య అరిచాడు.

"ఎవలు రాలే బాపు! పంతులు పోతుండు!"

"ఏందే?"

"మనోళ్లకు ఆపదొస్తె కూయమన్నవ్ గద! గందుకే కూసిన!"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. గుర్వయ్య మీసం దువ్వుకున్నాడు. గుంపులోంచి లీలమ్మ అనే ముసలమ్మ బండికి అడ్డం వచ్చింది.

"సగం ఆట సూపెట్టి యాడికి పోతవ్ పంతులూ? గా తోడేలు సంగతేమాయె?"

ఇన్‌స్పెక్టర్ మెల్లగా బయటికొచ్చాడు. "ఇంతమంది వచ్చింది ఈయన కోసమా? రేపటి నుంచి పిల్లల్ని బడికి పంపుతారా?"

"పంపుతం" అన్నాడు గుర్వయ్య. "నిన్న పిల్లలను ఇడిసి పోలే గీ పిలగాడు. గొర్ల సంగతి మేం సూసుకుంటం."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి రేకుపెట్టె తానే కిందికి దించాడు. "ఉండండి. కానీ ఇంకో డ్రామా వేస్తే నన్ను మాత్రం పిలవకండి."

ఆయన బండి ఒంటరిగా వెళ్లిపోయింది. గుర్వయ్య ఐలేశం దగ్గరికొచ్చాడు. "గా కథల తోడేలుకు సివరికేమైతది?"

"మంద నమ్ముతది. ఆడనే ఉండిపోతది."

గుర్వయ్య తన భుజం మీది గొంగడి తీసి అతని భుజాన వేశాడు. "కురుమోని బిడ్డవు. గొంగడి లేకుండ తిరుగకు, అల్లుడా."

ఐలేశం గుట్ట వైపు తిరిగాడు. కడుపులోంచి ఊపిరి తీసి పొడుగ్గా కూశాడు. మూడుసార్లు విరిచాడు.

ఈసారి ఊళ్లో ఎవరూ ఉరకలేదు. గుట్ట మీది నుంచి జానమ్మ ఒక్కతే పరుగెత్తుకొచ్చింది.